గెలిచిన డబ్బు వాలెట్‌లోకి వచ్చాక మొదలైన చిక్కు: ఆన్‌లైన్ ఆటలు ఆడేవారికి ఒక హెచ్చరిక

మొబైల్ వాలెట్ నుంచి ఆన్‌లైన్ ఆటల ఖాతాలో డబ్బు వేసి, గెలిచింది మళ్లీ వాలెట్‌లోకే తీసుకునేవారు ముందుగా ఒక్క సంగతి చూసుకోండి. ఆ డబ్బు మీకు ఎవరి పేరు మీద వస్తోంది? ఎంత వచ్చింది, ఎంత తొందరగా వచ్చింది అన్నవి తరువాతి మాటలు. నా వాలెట్ ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోలేదు. ఆట కంపెనీ డబ్బు ఎగ్గొట్టినందుకు కాదు, ఇచ్చినందుకు!

డిపాజిట్ పేజీ తెరిస్తే కంపెనీ పేరు ఎక్కడా కనిపించేది కాదు. ఒక వాలెట్ నంబరు, దాని కింద ఎవరో వ్యక్తి పేరు ఉండేవి. ఈ నంబరు కొద్ది నిమిషాలే పనిచేస్తుందని పక్కన గడియారం తొందరపెట్టేది. మరోసారి తెరిస్తే నంబరు వేరు, పేరు వేరు. డబ్బు పంపి, లావాదేవీ సంఖ్యను పేజీలో నింపితే ఆట ఖాతాలో నిల్వ పెరిగేది. ఈ మనుషులెవరని చాట్‌లో అడిగితే ‘మా అధీకృత ఏజెంట్లు’ అని మర్యాదగా జవాబిచ్చారు. చిన్న మొత్తం విత్‌డ్రా పెట్టి చూశాను, నిమిషాల్లో వచ్చింది. తరువాత పెద్ద మొత్తమూ వచ్చింది, కాకపోతే ముక్కలుగా, ఒక్కో ముక్క ఒక్కో అపరిచితుడి వాలెట్ నుంచి. ఆ వెనుకే వాలెట్ సంస్థ నుంచి సందేశం అందింది: అనుమానాస్పద లావాదేవీల కారణంగా ఖాతాను నిలిపివేశాం. గెలిచిన సొమ్ము సరే, వేరే ఖర్చుల కోసం అందులో ఉంచుకున్న నా డబ్బు కూడా దానితో పాటే ఆగిపోయింది.

ఆ పేర్లు ఎవరివో తరువాత అర్థమైంది. లైసెన్సు లేని ఆట కంపెనీకి బ్యాంకులు గానీ వాలెట్లు గానీ వ్యాపారి ఖాతా ఇవ్వవు. కాబట్టి అది కమీషన్‌కు ఆశపడే మామూలు మనుషుల ఖాతాలను అద్దెకు తీసుకుంటుంది. దర్యాప్తు చేసేవారు వీటినే మ్యూల్ ఖాతాలు అంటారు. ఒకరు వేసిన డిపాజిట్టే ఇంకొకరికి గెలుపుగా వెళుతుంది. అంతవరకే అయితే ఏదోలా సర్దుకోవచ్చునేమో. కానీ అద్దె ఖాతాల్లో ఆటల డబ్బు ఒక్కటే తిరగదు. ఎక్కడో ఎవరో మోసగాడికి ఓటీపీ చెప్పి పోగొట్టుకున్న డబ్బు ఒక వాలెట్‌లో పడుతుంది, అక్కడి నుంచి మరో వాలెట్‌కు, అక్కడి నుంచి మీకు ‘గెలుపు’గా చేరుతుంది. బాధితుడు ఫిర్యాదు చేసిన వెంటనే దర్యాప్తు ఆ డబ్బు నడిచిన దారి వెంటే వస్తుంది. దారిలో ఉన్న ఖాతాలను ఒక్కొక్కటిగా ఆపుతుంది. ఆ వరుసలో మీ పేరు ఎందుకుందో వివరించుకోవలసింది మీరే. ఏజెంటు నంబరు అప్పటికే మూగబోయి ఉంటుంది.

‘ముందు చిన్న మొత్తం తీసి చూడండి, వస్తే నమ్మండి’ అన్నది అందరూ ఇచ్చే సలహా. ఈ పద్ధతిలో ఆ పరీక్ష ఎందుకూ పనికిరాదు. చిన్న మొత్తం తప్పకుండా వస్తుంది, రావడమే వారికి కావాలి. వచ్చినప్పుడు లావాదేవీ వివరాలు తెరిచి, పంపినవారి పేరు చదవండి. అక్కడ కంపెనీ పేరు బదులు వ్యక్తి పేరు ఉంటే, ఆ డబ్బు ఎంత త్వరగా వచ్చినా సరే, అక్కడితో ఆపేయండి.

సక్రమంగా నడిచే చోట తీరు వేరుగా ఉంటుంది. డిపాజిట్ నొక్కగానే మీ వాలెట్ యాప్ తెరుచుకుంటుంది, చెల్లింపు ఎవరికో కంపెనీ పేరుతో చూపిస్తుంది. విత్‌డ్రా మొత్తం ఏ వాలెట్ నుంచి డబ్బు వేశారో అదే వాలెట్‌కు, అదే పేరు మీద తిరిగి వస్తుంది. నల్లధనాన్ని తెల్లగా మార్చే పనికి తమ వేదిక ఉపయోగపడకూడదని పెట్టుకున్న కట్టడి ఇది. దీనివల్ల కొందరు ఇబ్బంది పడుతుంటారు. ఇంట్లో మరొకరి వాలెట్‌తో డిపాజిట్ చేసినా, ఆట ఖాతాలో పూర్తి పేరు ఉండి వాలెట్‌లో పొడి అక్షరాలే ఉన్నా విత్‌డ్రా ఆగుతుంది. విసుగు తెప్పిస్తుంది నిజమే. ఇంత చాదస్తంగా పేరు అడిగే కంపెనీయే, ఏ పేరూ అడగని కంపెనీ కన్నా నయమని నేనిప్పుడు అనుకుంటున్నాను.

వాలెట్ వైపు నుంచి కూడా ఒక మెలిక ఉంది. కేవైసీ (గుర్తింపు పత్రాల పరిశీలన) పూర్తి కాని వాలెట్లలో కొన్నింటి నుంచి చెల్లింపులు సాగుతాయి, లోపలికి వచ్చే డబ్బుకు మాత్రం పరిమితి ఉంటుంది. అలాంటి చోట డిపాజిట్లన్నీ సాఫీగా సాగిపోతాయి. గెలిచిన రోజున పరిమితి అడ్డుపడి విత్‌డ్రా వెనక్కి తిరుగుతుంది, నిల్వ మళ్లీ ఆట ఖాతాలో ప్రత్యక్షమవుతుంది. ఎదురుగా ‘ఇప్పుడే ఆడండి’ అన్న బొత్తం మెరుస్తూ ఉంటుంది. పెండింగ్‌లో ఉన్న విత్‌డ్రాను ఒక్క నొక్కుతో రద్దు చేసుకునే సదుపాయాన్ని కొన్ని కంపెనీలు కావాలనే పెడతాయి. తీసుకోబోయిన డబ్బును మళ్లీ పందెంలో పెట్టించడమే దాని పని. బ్రిటన్‌లో జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ 2021లో దాన్ని నిషేధించిందంటే ఆ బొత్తం ఎంత ‘సౌకర్యమో’ ఊహించుకోవచ్చు. కేవైసీ డిపాజిట్‌కు ముందే పూర్తి చేసుకోండి.

బోనస్ గురించి పెద్దగా చెప్పను, ఒక్క లెక్క చాలు. 100 బోనస్‌కు 30 రెట్ల షరతు అంటే, విత్‌డ్రాకు ముందు 3,000 విలువైన పందేలు కాయాలి. ఆట సగటున 96 శాతం తిరిగి ఇస్తుందనుకుంటే, ఆ 3,000 మీద సగటు నష్టం 120. ఇచ్చింది 100. పైగా కొన్నిచోట్ల వాలెట్ ద్వారా వేసిన డిపాజిట్లకు బోనస్ వర్తించదని షరతుల్లో ఎక్కడో అడుగున రాసి ఉంటుంది.

కార్డుతో వాలెట్ నింపి, వాలెట్‌తో ఆడేవారికి ఇంకో మాట. మోసం జరిగితే కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తెప్పించుకోవచ్చని మనం ధైర్యంగా ఉంటాం. కానీ కార్డు నుంచి డబ్బు వాలెట్‌లో చేరగానే బ్యాంకు దృష్టిలో ఆ కొనుగోలు పూర్తయినట్టే. వాలెట్ తన పని చేసింది కదా అంటారు. వాలెట్‌ను అడిగితే, పంపింది మీరే కదా అంటారు. క్రెడిట్ కార్డయితే కొన్ని బ్యాంకులు ఇలా వాలెట్ నింపడాన్ని నగదు తీసుకున్నట్టే లెక్కగట్టి మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయి.

వాలెట్‌లో నిల్వ ఉంచడం బ్యాంకులో ఉంచడంతో సమానమని కూడా అనుకోకండి. లైసెన్సు లేని చోటే ప్రమాదమని భావించేవారు నెటెల్లర్ అనే వాలెట్ సంస్థ ఉదంతం గుర్తు చేసుకోవాలి. ఆన్‌లైన్ జూదానికి చెల్లింపులను అడ్డుకునే చట్టం అమెరికాలో 2006 అక్టోబరులో వచ్చింది. 2007 జనవరిలో ఆ వాలెట్ సంస్థ వ్యవస్థాపకులను అక్కడ అరెస్టు చేశారు. సంస్థ అమెరికా నుంచి తప్పుకుంది, అక్కడి ఖాతాదారుల డబ్బు నెలల తరబడి చిక్కుకుపోయింది. అప్పట్లో అది చిన్నాచితకా సంస్థ కాదు. వాలెట్‌లోకి వచ్చిన దాన్ని వీలైనంత త్వరగా బ్యాంకుకు మార్చుకోవడం, ఆటలకు వాడే వాలెట్‌ను ఇంటి ఖర్చుల వాలెట్ నుంచి వేరుగా ఉంచడం కనీస జాగ్రత్తలు.

చట్టం సంగతి కూడా ముందే చూసుకోండి. భారతదేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను అందించడాన్ని, వాటికి చెల్లింపులు చేరవేయడాన్ని నిషేధించింది. ఆట అందించడమే నిషిద్ధమైన చోట డిపాజిట్ పేజీ పనిచేస్తోందంటే, ఆ డబ్బు ఏ దొడ్డిదారిన పోతోందో పైన చెప్పాను. అలాంటి చోట గెలుపు సొమ్ము కోసం ఎవరి గుమ్మం ఎక్కుతారు?

ఇప్పటికే ఖాతా ఆగిపోయినవారు చేయవలసింది కొంత ఉంది. నిలిపివేతకు కారణం, ఏ లావాదేవీ మీద ఫిర్యాదు వచ్చింది, ఆ ఫిర్యాదు సంఖ్య ఏమిటి అన్నవి వాలెట్ సంస్థను రాతపూర్వకంగా అడగండి. ఫోనులో చెప్పిన మాటకు రేపు ఆధారం ఉండదు. ఆట ఖాతాలోని డిపాజిట్, విత్‌డ్రా చరిత్రను, ఏజెంట్ల పేర్లు కనిపించే పేజీలను, చాట్‌ను స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. గొడవ మొదలయ్యాక ఆ పేజీలు మాయమవుతాయి, నాకు చాట్ అంతా ఒక్కసారిగా ఖాళీ అయింది. వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపి, మిగతా నిల్వ వదలమని విడిగా ఒక అర్జీ పెట్టండి. నాకు కొంత డబ్బు అలాగే తిరిగి అందుబాటులోకి వచ్చింది.

కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకకండి, యాప్ లోపల ఉన్నదే వాడండి. వెతికితే పైన కనిపించేవాటిలో కొన్ని ఇలా చిక్కుకున్నవారి కోసమే పెట్టిన వలలు. స్క్రీన్ పంచుకునే యాప్ వేసుకోమంటారు, డబ్బు రావడానికి పిన్ కొట్టమంటారు. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరమే లేదు, పిన్ కొడితే పోయేది మీ డబ్బే. ఆట కంపెనీ చాట్ నుంచి కూడా ఇలాంటి కబురే వస్తుంది: ముందుగా పన్ను కడితే ఖాతా విడిపిస్తామని. పన్ను ఉంటే చెల్లించే మొత్తంలోంచే మినహాయిస్తారు, ఎవరూ విడిగా ఒక నంబరుకు పంపించమని అడగరు. నాకు ఆ కబురు వచ్చినప్పుడు, పన్ను పంపవలసిన నంబరు కింద మళ్లీ ఇంకో కొత్త మనిషి పేరు ఉంది.