ఆస్‌బెస్టాస్ టెస్ట్ కిట్ రివ్యూ: ముక్క సంగతి తేలుస్తుంది, పెరటి సంగతి తేల్చదు

పెరట్లో తవ్వుతుంటే పాత సిమెంటు రేకు ముక్కలు బయటపడినప్పుడు, శాంపిల్ మనమే తీసి ల్యాబ్‌కు పంపే కిట్లు కొంటుంటారు. డబ్బాలో పెద్దగా ఏమీ ఉండదు. జిప్ కవర్లు, గ్లవ్స్, మాస్కు, ఒక ఫారం, అంతే. మనం కొంటున్నది ల్యాబ్ పరీక్షను. దొరికిన ముక్కలో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే సన్న పోగుల ఖనిజం) ఉందా లేదా అన్నంతవరకు ఈ కిట్ చక్కగా పనికొస్తుంది. ‘మట్టి మొత్తం బాగుందా?’ అన్నదానికి మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

ముందు ముక్క సంగతి. ఆస్‌బెస్టాస్ రేకునీ, సెల్యులోజ్ పోగులతో చేసిన కొత్త రకం రేకునీ కంటితో చూసి వేరు చేయలేం. రెండూ బూడిద రంగే, విరిచినచోట రెండింటికీ పోగులు కనిపిస్తాయి. ల్యాబ్‌లో ఆ పోగుల్ని విడదీసి పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోపు కింద పెడతారు. కాంతి వాటిలోంచి వెళ్లే తీరును బట్టి అది ఏ రకం ఆస్‌బెస్టాసో, అంటే క్రిసోటైలా, అమోసైటా, క్రోసిడోలైటా అన్నది చెబుతారు. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులో ఈ పోగులు సాధారణంగా 10–15 శాతం దాకా ఉంటాయి కాబట్టి చిన్న ముక్క పంపినా ఫలితం తప్పే అవకాశం తక్కువ.

శాంపిల్ తీసేటప్పుడు గాలి లేని వేళ చూసుకోండి. స్ప్రే సీసాలో నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు కలిపి, దుమ్ము లేవకుండా ముక్కను తడపండి. ఉత్త నీళ్లు పోగుల మీద నుంచి జారిపోతాయి, సబ్బు కలిస్తే లోపలికి ఇంకుతాయి. రేకును విరవకుండా, అప్పటికే విరిగి పడి ఉన్న బొటనవేలంత ముక్కను తీసుకోండి. దాన్ని కవర్లో వేసి మూసి, బయటివైపు తడిగుడ్డతో తుడిచి, రెండో కవర్లో పెట్టాలి. కవర్ తుడిచిన ఆ గుడ్డ కూడా ఆస్‌బెస్టాస్ చెత్తే. దాన్నీ విడిగా కవర్లో వేసి మూయాలి.

కిట్‌తో వచ్చే మాస్కును ఒకసారి తిప్పి చూడండి. మూతికి కట్టుకునే పల్చటి సర్జికల్ మాస్కైతే పక్కన పడేయండి. సన్న ధూళిని కూడా ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 లేదా పీ100 రకం కావాలి. అదైనా ముఖానికి అతుక్కుని ఉంటేనే పనిచేస్తుంది. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది.

అసలు చిక్కు మట్టితోనే. ఆస్‌బెస్టాస్ మట్టిలో సమంగా కలిసి ఉండదు. పాత షెడ్డు కూల్చిన మూల, గట్టు వెంబడి, గుంత పూడ్చిన చోట, ఇలా కుప్పలు కుప్పలుగా ఉంటుంది. ఓ మూల గుప్పెడు మట్టి తీసి పంపితే తెలిసేది ఆ గుప్పెడు సంగతే. వెస్టర్న్ ఆస్ట్రేలియా ఆరోగ్యశాఖ మార్గదర్శకాల పద్ధతి వేరు. ఒక్కో చోట 10 లీటర్ల మట్టిని 7 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి ముక్కలు ఏరతారు, సన్న పోగుల కోసం విడిగా 500 మిల్లీలీటర్ల మట్టి ల్యాబ్‌కు పంపుతారు. కిట్‌లోని చిన్న జిప్ కవర్లో అంత మట్టి పట్టదు.

రిపోర్టులో ఇంకో మెలిక ఉంది. విడి పోగులకు ఆ మార్గదర్శకాలు పెట్టిన హద్దు 0.001 శాతం, అంటే కిలో మట్టిలో 10 మిల్లీగ్రాములు. ల్యాబ్ పరీక్ష కిలోకు 100 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతే, ‘కనబడలేదు’ అన్న మాటకు అర్థం ‘లేదు’ అని కాదు. అందుకే కొనేముందే అడగండి: మట్టికి మీ రిపోర్టింగ్ లిమిట్ (ల్యాబ్ పట్టుకుని చెప్పగల అతి తక్కువ మోతాదు) ఎంత? సూటిగా జవాబు రాకపోతే ఆ కిట్ జోలికి పోకండి. పిల్లలు మట్టిలో ఆడుకునే చోటైతే ఈ కిట్‌తో సరిపెట్టుకోవద్దు. అర్హత ఉన్న సర్వేయర్‌ను పిలిచి చాలాచోట్ల శాంపిళ్లు తీయించడమే దారి.

ఫలితం ‘ఉంది’ అని వస్తే ఏం చేయాలో చాలా కిట్లలో ఒక్క ముక్క కూడా రాయరు, ఇది నిజంగా పెద్ద లోటు. ఆ చోట దున్నడం, గడ్డి మిషన్ తిప్పడం, చీపురుతో ఊడ్వడం ఆపేయాలి. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టకూడదు, సన్న పోగులు దాని ఫిల్టర్ దాటి గాల్లోకి వస్తాయి. గట్టి రేకు ముక్కలు నాలుగైదే ఉంటే, సొంతంగా తీయడానికి స్థానిక నిబంధనలు ఒప్పుకుంటే, మట్టి తడిపి చేత్తో ఏరి 200 మైక్రాన్ల మందం ఉన్న ప్లాస్టిక్ కవర్లలో రెండు పొరలుగా వేసి టేపు చుట్టాలి. వాటిని ఆస్‌బెస్టాస్ తీసుకునే చోటికే పంపాలి, మామూలు చెత్తలో కాదు. పైపులకు చుట్టే లాగింగ్‌లా వేళ్ల మధ్య పొడైపోయే సరుకు కనిపిస్తే అక్కడితో చేయి ఆపి, లైసెన్సున్న వాళ్లకు అప్పజెప్పాలి. కొందరు మట్టి తీయకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లు దిగనిచ్చి మట్టిని ఆపే గట్టి గుడ్డ) పరిచి పైన శుభ్రమైన మట్టి పోస్తారు. అది నడుస్తుంది గానీ, ఆ చోట మళ్లీ చెట్టు నాటడానికో పైపు వేయడానికో తవ్వకూడదు.

ఫారంలో ‘స్థలం’ అన్న గడి ఒక్క గీతంత ఉంటుంది. అక్కడ ‘పెరడు’ అని రాసి ఊరుకోకండి. గోడ నుంచి ఎన్ని అడుగులు, ఎంత లోతు అన్నది రాసి, చేత్తో గీసిన పటం ఫోటో తీసి దాచుకోండి. రిపోర్టులో వచ్చేది శాంపిల్ నంబరే. ఆ పటం లేకపోతే తర్వాత వచ్చే పనివాళ్లకు ఎక్కడ తవ్వాలో తెలియదు.