ట్రాక్సాస్ స్లాష్: కొన్నేళ్లు పందేల్లో నడిపిన తరువాత ఒక సమీక్ష

ట్రాక్సాస్ సంస్థ 2008లో మార్కెట్లోకి తెచ్చిన, రిమోట్‌తో నడిపే స్లాష్ ట్రక్కును, అందులోనూ వెనక చక్రాలకు మాత్రమే మోటారు బలం అందే రకాన్ని, ఉత్తర టెక్సస్‌లో కొన్నేళ్లుగా నడుపుతున్నాను. అసలు బండిలో పదో వంతు కొలత గల ఈ బ్యాటరీ ట్రక్కు గురించి పెట్టె విప్పగానే రాసే పరిచయాలకు కొదవ లేదు. బండిని ఆఖరి మరవరకు విప్పి, తిరిగి కట్టి, వారాంతపు పందేల్లో దింపి, అరిగిన భాగాలను మార్చుకుంటూ వచ్చిన తరువాత నాలో మిగిలిన అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను: ఈ బండిలో మోటారు మీద పెట్టే డబ్బు అన్నిటికంటే తక్కువ ఫలితమిస్తుంది. టైర్లు, షాక్ అబ్జార్బర్లు, బరువు కూర్చునే ఎత్తు, ఈ మూడే పందెంలో మన స్థానాన్ని తేలుస్తాయి.

ట్రాక్సాస్ ప్రధాన కార్యాలయం డాలస్‌కు ఉత్తరాన ఉన్న మెకిన్నీలో ఉంది. పక్కనే ఉన్న ఫ్రిస్కో, ప్లేనో పట్టణాల్లో తెలుగు కుటుంబాలు ఎంత ఎక్కువో తెలిసినవారికి, శనివారం పూట ట్రాకు దగ్గర బల్లల మధ్య తెలుగు మాటలు వినబడడం వింతగా తోచదు. పిల్లవాడికని కొని, వాడు విసుగెత్తి వదిలేశాక తామే పట్టుకున్న తండ్రులే వారిలో ఎక్కువ. స్లాష్ అమెరికాలో చిన్న మట్టి ట్రాకుల మీద జరిగే షార్ట్ కోర్స్ పందేల ట్రక్కులను చూసి తయారుచేసిన నమూనా. అంతకు ముందు ఎక్కువగా నడిచిన స్టేడియం ట్రక్కులనే మరో రకం రిమోట్ బళ్లకు చక్రాలు బయటికి పొడుచుకుని ఉండేవి. వీటికి చక్రాలను కప్పే వెడల్పాటి బాడీ, ముందూ వెనకా బంపర్లు ఉంటాయి. ఒకదానినొకటి రాసుకుంటూ పోయినా చక్రాలు చిక్కుకోవు కనుక కొత్తవారి పందేలకు ఈ ఆకారం బాగా కుదిరింది. చాలా ట్రాకుల్లో కంపెనీ ఇచ్చిన బండిని దాదాపు మార్చకుండా నడిపే ప్రత్యేక తరగతి ఇందుకే పుట్టింది.

నేను మొదట కొన్నది బ్రష్ మోటారు (లోపల రాసుకునే బ్రష్‌ల ద్వారా కరెంటు అందే మోటారు) రకం. అందులో టైటాన్ అనే 12 టర్నుల (లోపలి తీగ చుట్ల లెక్క) మోటారు, ఎక్స్‌ఎల్-5 అనే, మోటారుకు కరెంటును కొలిచి పంపే స్పీడ్ కంట్రోలరు ఉన్నాయి. పినియన్‌కు (మోటారు మీది చిన్న పళ్ల చక్రం) 19 పళ్లు, దానితో కలిసి తిరిగే పెద్ద స్పర్ గేరుకు 86 పళ్లు, గేర్‌బాక్సు నిష్పత్తి 2.72 కాబట్టి, మోటారు 12.31 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. కంట్రోలరులో మూడు పద్ధతులున్నాయి: మామూలు పద్ధతి, వెనక్కి నడవకుండా చేసే పందెపు పద్ధతి, బలాన్ని సగానికి తగ్గించే శిక్షణ పద్ధతి. మూడోదాన్ని చిన్నపిల్లల కోసమని తీసిపారేయవద్దు. కొత్త ట్రాకులో బండి పోవాల్సిన గీత పట్టుబడేవరకు పెద్దవారికి కూడా అదే మేలు. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడేవారు కంట్రోలరు దీపం పచ్చగా ఉందో ఎర్రగా ఉందో ప్రతిసారీ చూసుకోవాలి. పచ్చగా ఉంటేనే బ్యాటరీ మరీ అడుక్కు పోకుండా ఆపే రక్షణ పనిచేస్తున్నట్టు. సెల్ ఒక్కొక్కటి 3 వోల్టులకంటే కిందికి దిగితే లైపో పాడవుతుంది.

మోటారు గురించి నేనన్న మాటకు ఆధారం చిన్న లెక్క. ల్యాపు 25 సెకన్లు పట్టే ట్రాకులో 5 నిమిషాల పందేనికి 12 ల్యాపులు వస్తాయి. ఇంకా బలమైన మోటారు పెట్టి ల్యాపుకు అర సెకను ఆదా చేశామనుకుంటే పందెం మొత్తం మీద మిగిలేది 6 సెకన్లు. బండి మలుపులో ఒక్కసారి బోల్తా పడి, మార్షల్ నడిచి వచ్చి దాన్ని తిప్పి నిలబెట్టేసరికి ఆ 6 సెకన్లూ ఖర్చయిపోతాయి. అదీగాక, బలం పెరిగిన బండి మరింత తరచుగా తిరగబడుతుంది. స్లాష్‌తో వచ్చే చాసీలో (భాగాలన్నీ బిగించే అడుగు పలక) బ్యాటరీ, కంట్రోలరు కొంత ఎత్తులో కూర్చుంటాయి. గుంతలూ రాళ్లూ ఉన్న పెరట్లో ఆ ఎత్తు మేలే చేస్తుంది గానీ, పట్టు బాగా దొరికే ట్రాకు మీద మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాలు లేచిపోతాయి.

ఇందుకు విరుగుడుగా ట్రాక్సాస్ సంస్థే బరువును కిందికి దింపే మరో చాసీని విడిగా అమ్ముతుంది. మా ట్రాకులో ప్రత్యేక తరగతికి చాసీ మార్చనివ్వరు గనుక నేను రెండు బళ్లు ఉంచుకున్నాను: ఒకటి పెట్టెలో వచ్చినట్టే ఉన్నది, మరొకటి కింది చాసీ మీద మళ్లీ కట్టినది. ఒకే చేయి, ఒకే బ్యాటరీ, ఒకే రోజు, ఒకే మట్టి మీద రెండింటినీ నడిపి చూడడం వల్లనే ఈ సమీక్షలో పోలికలు ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. చాసీ మార్చడమంటే బండిని కొత్తగా నిర్మించడమే. గేర్‌బాక్సు, ముందు భాగం, స్టీరింగు, షాకులు, వైర్లు అన్నీ ఊడదీసి కొత్త పలక మీదికి ఎక్కించాలి. ఇందుకు 2 మిల్లీమీటర్లు, 2.5 మిల్లీమీటర్ల మంచి హెక్స్ (ఆరు మూలల) డ్రైవర్లు, చక్రాల నట్లకు 7 మిల్లీమీటర్ల సాకెట్టు ఉంటే చాలావరకు సరిపోతుంది. పెట్టెలో ఇచ్చే వంకర కడ్డీలతో ఆ పని చేస్తే మర తలలు అరిగిపోతాయి. లోహంలోకి బిగించే మరకు మాత్రమే థ్రెడ్‌లాక్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) చుక్క వేయాలి, ప్లాస్టిక్‌లోకి బిగించేదానికి వేయకూడదు. ప్లాస్టిక్‌లో మర ఒకసారి వేసుకున్న గాడిలోనే మళ్లీ దిగాలి గనుక, ముందు వెనక్కి తిప్పి, గాడిలో పడిన చిన్న చప్పుడు తెలిశాక బిగిస్తే ఆ చాసీ ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఫలితం మొదటి మలుపులోనే తెలిసింది. మామూలు బండితో యాక్సిలరేటరు పూర్తిగా వదిలి తిప్పాల్సిన చోట, మార్చిన బండితో సగం నొక్కి ఉంచి తిప్పగలిగాను. నేరుగా వెళ్లే దారిలో వేగంలో రెండింటికీ తేడా ఏమీ లేదు. మార్చిన బండికి తరువాత 17.5 టర్నుల బ్రష్‌లెస్ మోటారు కూడా పెట్టాను. బ్రష్‌ల అరుగుదల బెడద పోయింది, ఒక చార్జికి ఎక్కువసేపు నడుస్తోంది, అంతకు మించి ఫైనల్ పందెంలో నా స్థానం మారలేదు.

షాకుల విషయంలో ఎక్కువమంది స్ప్రింగులు మార్చి నూనెను మరచిపోతారు. స్ప్రింగు బండి ఎత్తును మోస్తుంది. అది ఎంత వేగంగా కుంగాలో, ఎంత వేగంగా లేవాలో నిర్ణయించేది లోపలి సిలికాన్ నూనె, పిస్టన్ రంధ్రాలు. నూనె పోశాక పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలు పైకి వచ్చేదాకా షాకును నిలబెట్టి ఉంచి, ఆ తరువాతే మూత పెట్టాలి. రెండు షాకులనూ చెరో చేత్తో ఒకేసారి నొక్కి వదిలితే రెండూ ఒకే తీరుగా లేవాలి. అలా లేవకపోతే ఒకదానిలో గాలి మిగిలినట్టు, బండి ఒకవైపు మలుపులో బాగా తిరిగి మరోవైపు మొండికేయడానికి చాలాసార్లు ఇదే కారణం. టెక్సస్ వేసవిలో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినప్పుడు నూనె పలచబడి, మార్చిలో చక్కగా దూకిన బండి జూలైలో నేలకు పొట్ట తగిలించుకుంటుంది. అందుచేత వేసవికి ఒక అంచె చిక్కటి నూనె పోస్తాను. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ షాకులు సరదాగా నడిపేవారికి సరిపోతాయి, కానీ వారంవారం పందెం వేసేవారికి గట్టి పూత వేసిన అల్యూమినియం షాకుల ఖర్చు వృథా కాదు.

ఇక మట్టి, టైర్లు. డాలస్ మీదుగా సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. వానకు ఉబ్బి జిగురవుతుంది, ఎండకు ముడుచుకుని బీటలు వారుతుంది. గుంటూరు ప్రాంతంలో చేలగట్ల మీద నడిచినవారికి దాని స్వభావం ఎవరూ చెప్పనక్కర్లేదు. పెరట్లోని ఆ మట్టిలో వాన మరునాడు బండి దించితే చక్రాల చుట్టూ ముద్దలు కట్టి, ఆ బరువుకు మోటారు వేడెక్కుతుంది. అందుకే ట్రాకుల్లో మట్టిని సమం చేసి, గట్టిగా అణిచి, పందేల మధ్య నీళ్లు చల్లుతారు. పొద్దున తడి ఉన్నప్పుడు పొడవాటి పళ్ల టైరు పట్టు ఇస్తుంది. మధ్యాహ్నానికి మట్టి గట్టిపడి, అందరి చక్రాల రబ్బరూ పేరుకున్న నల్లని గీత ఏర్పడుతుంది. ఆ గీత మీద పొడవాటి పళ్లు వంగిపోతాయి. పొట్టి పళ్లు దగ్గరదగ్గరగా ఉన్న మెత్తని రబ్బరు టైరే నిలుస్తుంది. ప్రో-లైన్, జేకాన్సెప్ట్స్ వంటి సంస్థలు ఒకే నమూనా టైరును రకరకాల మెత్తదనాల్లో అమ్మడానికి కారణం ఇదే. నా అనుభవంలో నమూనా సరిగ్గా కుదరకపోయినా రబ్బరు మెత్తదనం సరిపోతే బండి నడుస్తుంది, రబ్బరు తప్పితే ఏ నమూనా ఆదుకోదు. కొనేటప్పుడు ఇంకొకటి గమనించాలి: ఈ బండికి ముందు చక్రాలు బేరింగుల మీద, వెనకవి 12 మిల్లీమీటర్ల హెక్స్ మీద కూర్చుంటాయి కాబట్టి ముందువి వెనక్కి మార్చుకోవడం కుదరదు. టైరును రిమ్ముకు అతికించేది మన ఇళ్లలో వాడే ఫెవిక్విక్ జాతి జిగురే. అంచును ముందుగా స్పిరిట్‌తో తుడిస్తే పట్టు విడవదు.

గాలిలో బండి తీరు అన్నిటికంటే ముచ్చటైనది. దూకిన తరువాత యాక్సిలరేటరు నొక్కితే వెనక చక్రాలు వేగం పుంజుకుంటాయి, దానికి ప్రతిగా బండి ముక్కు పైకి లేస్తుంది. బ్రేకు వేస్తే చక్రాలు ఆగి ముక్కు కిందికి వంగుతుంది. ఈ రెండింటితో బండిని సమంగా దించడం వేళ్లకు అలవాటయ్యాక దూకడమంటే భయం పోతుంది. షార్ట్ కోర్స్ బళ్లన్నిటికీ ఉన్న లోపం మాత్రం వేరే ఉంది: వెడల్పాటి బాడీ కిందికి గాలి చేరి, గాలివానలో గొడుగులా ముందు భాగాన్ని ఎత్తిపడేస్తుంది. నిబంధనలు ఒప్పుకున్న చోట బాడీ వెనక పలకకు రంధ్రాలు కోసుకుంటే కొంత తగ్గుతుంది. ఎదురుగాలి రోజున మాత్రం ఏ రంధ్రాలూ పూర్తిగా కాపాడవు. అప్పుడు దూకే ముందు వేగం తగ్గించడం ఒక్కటే దారి.

గేర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. పినియన్‌కు, స్పర్ గేరుకు మధ్య నోటుబుక్కు కాగితం ముక్కను పెట్టి బిగించి తీసేస్తే సరైన సందు వస్తుంది. స్లిప్పర్ క్లచ్ (ఒక్కసారిగా బలం పడినప్పుడు కొద్దిగా జారి గేర్లను కాపాడే భాగం) నట్టును పూర్తిగా బిగించి కొంచెం వెనక్కి వదలాలి. బండి బయలుదేరినప్పుడు అడుగు రెండడుగుల దూరం సన్నగా జారినట్టు వినబడితే సరిగా ఉన్నట్టు. పరుగు ముగియగానే మోటారు వేడి కొలుస్తాను. 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పినియన్‌ను ఒక పన్ను తగ్గిస్తాను.

పందెం రోజు తీరు చాలా చోట్ల ఒకటే. ప్రతి బండిలో ట్రాన్స్‌పాండరు అనే, బండి గుర్తును పంపే చిన్న పరికరం ఉంటుంది, ట్రాకు కింద పూడ్చిన తీగ మీదుగా పోయినప్పుడల్లా ల్యాపు నమోదవుతుంది. క్వాలిఫయింగ్ పరుగుల ఫలితాన్ని బట్టి ఫైనల్ బృందాలు ఏర్పడతాయి. తన పందెం అయినవారు తరువాతి పందేనికి మార్షల్‌గా నిలబడాలి. ఓడిన కోపంతో ఆ పని ఎగ్గొట్టేవారికి ట్రాకులో గౌరవం ఉండదు. పక్కవాడి గీతను దగ్గరగా చూసి నేర్చుకునే వీలు కూడా మార్షల్‌గా నిలబడినప్పుడే దొరుకుతుంది.

మన్నిక విషయంలో నాకు ఫిర్యాదు లేదు. గుద్దుకున్నప్పుడు వంగి తిరిగి నిలిచే నైలాన్ భాగాలే ఈ బండికి బలం. ఆర్‌పీఎం సంస్థ చేసే సస్పెన్షన్ ఆర్ములు (చక్రాలను చాసీకి కలిపే చేతులు) ఈ విషయంలో ఇంకా మెరుగైనవి. మెరుపు కోసం అల్యూమినియం భాగాలు తగిలించుకుంటే అవి వంగి అలాగే ఉండిపోతాయి, లేదా దెబ్బను లోపలి భాగానికి పంపిస్తాయి. చౌకగా దొరికిందని పెట్టిన, పేరు లేని ఒక సర్వో (ముందు చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారు) కొద్ది రోజులకే పళ్లు రాలగొట్టుకుంది. ఆ తరువాత స్టీరింగు దగ్గర పొదుపు మానుకున్నాను. ఎలక్ట్రానిక్స్ తడిని తట్టుకుంటాయి, బేరింగులు తట్టుకోవు. నీళ్లలో నడిపిన రోజున వాటిని ఆరబెట్టి నూనె వేయకపోతే తుప్పు పడతాయి. సెలవులకు విమానంలో ఊరికి తీసుకువెళ్లాలనుకునేవారు విడి లైపోలను చేతిసంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ పెట్టెలో అనుమతించరు. రెండు సెల్‌ల 5000 ఎంఏహెచ్ బ్యాటరీ 37 వాట్-అవర్లే కనుక 100 వాట్-అవర్ల పరిమితికి లోపలే ఉంటుంది.

మొదటి ఏడాది పందేలు నేర్చుకోదలచినవారికి, అక్క కొడుకుతో కలిసి ఒక బండి కట్టాలనుకునేవారికి దీనిని నిస్సంకోచంగా సూచిస్తాను, ఎందుకంటే ఏ చిన్న భాగమైనా విడిగా దొరుకుతుంది. మార్పులకు హద్దులేని తరగతిలో గెలవాలనే పట్టుదల ఉన్నవారు మాత్రం మొదటి నుంచీ పందేనికే రూపొందించిన కిట్టు కొనుక్కోవడం మేలు. స్లాష్‌ను ఆ స్థాయికి తేవడానికయ్యే ఖర్చు ఆ కిట్టు ధరను దాటిపోతుంది. ప్రస్తుతం నా మార్చిన బండిలో ముందు షాకులకు 35, వెనక షాకులకు 30 చిక్కదనం నూనె ఉంది. కాంబర్ (నిలువు నుంచి చక్రాల వంపు) ముందు ఒక డిగ్రీ, వెనక ఒకటిన్నర డిగ్రీ లోపలికి వంచాను. బండిని కాస్త పైనుంచి నేల మీదికి వదిలితే వెనక చక్రాలను తిప్పే షాఫ్టులు నేలకు సమాంతరంగా నిలిచే ఎత్తు ఉంచాను. గట్టిపడిన మట్టికి ఇవి కుదిరాయి. ట్రాకు బాగా తడిగా ఉన్న ఉదయాల్లో వెనక నూనెను 27.5కు దించి చూస్తున్నాను.