బ్లూటూత్‌కి కళ్లెం: మూడేళ్లు వాడాక నా మాట

మా టీమ్ చూసుకునే వర్క్‌స్టేషన్లలో బ్లూటూత్‌ను కట్టడి చేయడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఈలోగా పద్ధతి రెండుసార్లు మార్చాం. మూడోది నిలబడింది.

మొదట బయోస్‌లోనే, అంటే విండోస్ కన్నా ముందు నడిచే కంప్యూటర్ మూల ప్రోగ్రామ్‌లోనే, బ్లూటూత్ ఆపేసి, బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టాం. వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉన్నా, సాధారణంగా వైఫై పీసీఐఈ దారిలో, బ్లూటూత్ లోపలి యూఎస్‌బీ దారిలో నడుస్తాయి. అందుకే ఒకటి ఆపినా రెండోదానికి ఏమీ కాలేదు. ఆడిట్‌లో చూపించుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది. రెండో వారంలో ఒకాయన యూఎస్‌బీలో పెట్టే గోరంత బ్లూటూత్ డాంగిల్ తెచ్చి గుచ్చాడు. డ్రైవర్ దానంతటదే ఎక్కింది, హెడ్‌సెట్‌లో పాట మొదలైంది. బయోస్ ఆపింది బోర్డు మీదున్న రేడియోని మాత్రమే కదా! ఆ డాంగిల్ అడిగి తీసుకుని నా దగ్గరే పెట్టుకున్నాను.

ఇంకో చిక్కు మేం ఊహించలేదు. పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోని పాస్‌కీతో సైన్ ఇన్ అయ్యేటప్పుడు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక ఫోన్ నిజంగా పక్కనే ఉందో లేదో కంప్యూటర్ తేల్చుకునేది బ్లూటూత్ సిగ్నల్‌తోనే. అది లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. పాస్‌కీలు తెచ్చింది భద్రత కోసమే, బ్లూటూత్ తీసేసింది కూడా భద్రత కోసమే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది.

రెండోసారి అన్ని మెషీన్లకీ ఒకేచోట నుంచి నిబంధనలు పెట్టే విండోస్ గ్రూప్ పాలసీలో బ్లూటూత్ డివైస్ క్లాస్ మొత్తాన్నీ, అంటే ఆ రకం పరికరాలన్నిటినీ, ఇన్‌స్టాల్ కాకుండా ఆపాం. డాంగిల్ బెడద పోయింది కానీ, జనం 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ మౌస్‌లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అవి బ్లూటూత్ కాదు, మా పాలసీకి అసలు కనపడవు. అలాంటి మౌస్‌లతో వచ్చే డాంగిళ్లలో చాలావాటికి దూరం నుంచే, కీలు నొక్కినట్టు నకిలీ కీస్ట్రోక్‌లు ఎక్కించవచ్చని 2016లో మౌస్‌జాక్ అనే పరిశోధన బయటపెట్టింది. అంటే కాస్తో కూస్తో కాపలా ఉన్న దారి మూసి, కాపలా లేని దారికి మనుషుల్ని మేమే తోలామన్నమాట.

ఇప్పుడు వాడుతున్నది విండోస్‌లోని బ్లూటూత్ సర్వీసుల (బ్లూటూత్ చేసే ఒక్కో రకం పని) జాబితా. డివైస్ మేనేజ్‌మెంట్ సర్వర్ నుంచి ఏయే సర్వీసులు నడవాలో వాటి గుర్తింపు సంఖ్యలు రాసి పంపుతాం. జాబితాలో లేనిది నడవదు. కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ సర్వీసులు ఉంచాం. ఫైళ్లు పంపే 1105, 1106 జాబితాలో పెట్టలేదు. మాకు అసలు భయం ఫైళ్లు బయటికి పోవడమే, అది దీంతో తీరింది.

జాబితా రాయడం మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని. మొదట్లో కీబోర్డు, మౌస్‌లకి 1124 ఒక్కటే రాశాను. పాతవన్నీ బాగానే నడిచాయి. కొత్త మౌస్‌లు వచ్చిన రోజు అసలు కథ మొదలైంది. పెయిర్ అయినట్టే చూపిస్తోంది, బాణం గుర్తు మాత్రం కదలదు. బ్యాటరీ మార్చాం, డ్రైవర్ తీసి మళ్లీ వేశాం. మధ్యాహ్నం దాకా టెన్షన్ పడ్డాక వెలిగింది: 1124 పాత తరహా బ్లూటూత్‌ది, లో ఎనర్జీ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త తరహా బ్లూటూత్) మౌస్‌లకి 1812 వేరుగా రాయాలి. తప్పు నాదే. స్క్రీన్ మీద కారణం రాదు కాబట్టి, మౌస్‌నే అనుమానిస్తూ కూర్చున్నాను.

దీనితోపాటు కంప్యూటర్ పక్కవాళ్లకి కనపడే మోడ్ ఆపేశాం. సిగ్నల్‌ని రహస్యంగా ఉంచే ఎన్‌క్రిప్షన్ కీ కనీసం 7 బైట్లు ఉండాలని పెట్టాం. కీ బలాన్ని ఒక్క బైటుకు దించేయవచ్చని 2019లో నాబ్ అనే దాడి చూపించాక, కొత్త బ్లూటూత్ ప్రమాణంలో సూచించిన హద్దు ఇదే.

బయటి డాంగిళ్లకి క్లాస్ నిషేధం అలాగే ఉంచి, లోపలి రేడియో ఐడీకి మాత్రం అనుమతి ఇచ్చాం. అప్పుడూ ఒక దెబ్బ తగిలింది. ఆ రేడియో కింద విండోస్ సృష్టించే ఎన్యుమరేటర్లు (జతచేసిన పరికరాల్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ పరికరాలు) కూడా అదే క్లాస్‌వి. వాటినీ అనుమతించేదాకా ఏదీ పెయిర్ కాలేదు.

లినక్స్ మెషీన్ల సంగతి వేరు. రేడియోలు ఆపే ఆర్‌ఎఫ్‌కిల్ అనే కమాండ్‌తో ఆపితే చాలనుకున్నాం. డెస్క్‌టాప్‌లో లాగిన్ అయిన మనిషి సెట్టింగ్స్‌లో ఒక్క స్విచ్ నొక్కి తిరిగి ఆన్ చేసుకున్నాడు, రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ కూడా అడగలేదు. ఆ తర్వాత బ్లూటూత్ యూఎస్‌బీ డ్రైవర్ మాడ్యూల్ లోడ్ కాకుండా ఆపాం. రూట్ ఉన్నవాళ్లు అదీ తీసేయగలరు, వాళ్లతో మాటే మార్గం.

ఈ పద్ధతిలో పెద్ద లోటు ఒకటుంది. సర్వీసు ఏదో జాబితాకి తెలుసు, అవతల ఉన్నది ఎవరి కీబోర్డో తెలియదు. యూజర్ ఒప్పుకోకుండానే కీబోర్డులా నటించి కీలు నొక్కేయగల లోపం 2024 జనవరిలో విండోస్‌లో బయటపడినప్పుడు, మా జాబితా ఏమీ చేయలేకపోయింది. ఆ వారమంతా అప్‌డేట్లు ఎక్కించడమే పని. అందుకే చెల్లింపులు చేసే మెషీన్లకి ఇప్పటికీ బయోస్‌లో ఆపి, వైరు కీబోర్డులే ఇస్తున్నాం. అక్కడివాళ్లు గొణుగుతారు, గొణగనీ.

ఆ గోరంత డాంగిల్ నా సొరుగులోనే ఉంది. కొత్త మెషీన్ సిద్ధమైన ప్రతిసారీ దాన్ని గుచ్చి చూస్తాను. డ్రైవర్ ఎక్కకపోతేనే మెషీన్ బయటికి వెళ్తుంది.