బీపీ బిళ్లా, ఉప్పు తగ్గించడమా: ఏది మేలు?

మా మందుల షాపుకొచ్చి రోజూ ఎవరో ఒకరు అడిగే మాట ఇది. "ఉప్పు తగ్గించి, పొద్దున్నే ఏటిగట్టు మీద నడిస్తే చాలదా అండీ? బిళ్ల మొదలెడితే ఇంక చచ్చేదాకా వేసుకోవాలంట కదా!" షాపు పాలకొల్లు పక్కన. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను, మందు మొదలెట్టడం, మార్చడం నా పని కాదు. కానీ చీటీ రాయించుకుని కూడా కొనాలా వద్దా అని కౌంటర్ దగ్గర తటపటాయించేవాళ్లని చూస్తూనే ఉంటాను కాబట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టి నాకు తోచింది రాస్తున్నా. ముందే చెప్పేస్తా, నా మొగ్గు బిళ్ల వైపే, అయితే అందరికీ కాదు.

చాలామంది దీన్ని ఇష్టాయిష్టాల వ్యవహారంగా చూస్తారు. మందులంటే పడనివాళ్లు ఉప్పు తగ్గిస్తామంటారు, నోరు కట్టుకోలేనివాళ్లు బిళ్ల ఇచ్చేయమంటారు. నన్నడిగితే దీన్ని తేల్చేది ఒక్కటే, మీ పైది, అంటే బీపీ చూస్తే వచ్చే రెండు అంకెల్లో పెద్దది, ఎంత దగ్గర మొదలైందన్నది. బీపీ ఉన్న మనిషి ఉప్పు బాగా తగ్గిస్తే పైది ఓ 5 పాయింట్లు దిగుతుంది. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడిస్తే ఇంకో 5. బరువు కిలో తగ్గితే సుమారు 1. మాత్ర ఏదైనా సరే మామూలు డోసులో ఒక్కటి వేస్తే దాదాపు 9, రెండు రకాలు కలిపితే ఇంకా ఎక్కువ. ఇక లెక్క మీరే వేసుకోండి. 146 ఉన్నాయన ఉప్పు తగ్గించి, నడిచి, నాలుగు కిలోలు దిగితే 132 దగ్గరికి రావచ్చు. 172 ఉన్నాయన ఇవన్నీ తు.చ. తప్పకుండా చేసినా 158 దగ్గరే ఆగిపోతాడు, అది కూడా అన్నీ పూర్తిగా కలిసొస్తేనే, మామూలుగా అంత కలిసిరాదు. ఆయన "నేను నేచురల్‌గా తగ్గించుకుంటా" అంటే ఎంత పట్టుదల ఉన్నా అంకెలు ఒప్పుకోవు.

అయితే ఆ మొదటి అంకె సరిగ్గా చూసిందై ఉండాలి. ఎండన పడి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, చెమటయినా ఆరకుండా, నిలబడే మా గాజు కౌంటర్ మీద చెయ్యి చాపుతారు, వచ్చిన 168ని పట్టుకుని ఇంటికెళ్లి టెన్షన్ పడతారు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక చూడాలి. పట్టీ చొక్కా మీద కాకుండా వంటికే కట్టాలి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి, అరగంట ముందు నుంచి టీ, సిగరెట్టు వద్దు. ఇలా పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు వారం పాటు చూసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో చూస్తే 135/85, ఆసుపత్రిలో అయితే 140/90 దాటితే బీపీ ఉన్నట్టు. వయసుకి వంద కలిపితే వచ్చేది మామూలే అన్న పాత లెక్కని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, అంటే చిన్న చెంచాడు. గ్రాములు ఎవరు తూస్తారు అంటారా, ప్యాకెట్ల లెక్క చూడండి. నలుగురున్న ఇంటికి మనిషికి 5 చొప్పున నెలకి 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్టు నెల తిరిగేసరికి ఖాళీ అవుతుంటే తలా 8 గ్రాములు దాటినట్టే. వేసవిలో ఆవకాయకి, మాగాయకి విడిగా కొన్న రాళ్ల ఉప్పు ఇందులో లేదు, ఉప్పు చేపలు లేవు, అప్పడాలూ ఊరమిరపకాయలూ లేవు. అక్కడే మన వైపు అసలు చిక్కు. "కూరల్లో ఉప్పు సగం చేసేశామండీ" అంటారు, అబద్ధం కాదు. కానీ కంచంలో చూస్తే ముద్దపప్పు పక్కన ఆవకాయ బద్ద, పప్పుచారులోకి ఉప్పు చేప, ఆఖర్న ఉప్పేసిన మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయ. కూర చప్పగా ఉంది కాబట్టి ఆవకాయ ఇంకో ముక్క పడుతుంది, అంతకంటే కూరలో రుచికి సరిపడా వేసుకుని జాడీని వారానికో రోజుకి పరిమితం చేయడం నయం. ఉప్పు చేపని నానబెట్టి నీళ్లు పారబోస్తే కొంత పోతుంది, పూర్తిగా పోదు. సైంధవ లవణమైనా సముద్రపు ఉప్పయినా బీపీని పెంచే సోడియం సోడియమే, ఖరీదే తేడా.

కొన్ని వారాలు ఓపిక పడితే నాలుక తగ్గిన ఉప్పుకి అలవాటు పడుతుంది, అది నేను ఒప్పుకుంటా. ఇంటిల్లిపాదికీ మంచిదే, పైగా ఉప్పు తగ్గితే టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు ఇంకా బాగా పనిచేస్తాయి. కానీ ఒక్క మనిషి బీపీ కోసం ఇల్లంతా వంట మార్చుకోవాలి, మార్చుకున్నది సంక్రాంతికి, పెళ్లి భోజనాలకి, కొత్తావకాయ కలిపే రోజులకి నిలబడాలి. మాత్రకి ఆ బాధ లేదు, పండగ రోజు కూడా పనిచేస్తుంది. నేను బిళ్ల వైపు మొగ్గడానికి ఇదో పెద్ద కారణం.

నడక గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. పొలం మనుషులం మాకు వాకింగెందుకు అనేవాళ్లకి ఒక్క మాట, ఇప్పుడు కోత మిషనుది, గట్టు దాకా వెళ్లేది బండి మీద. మద్యం తాగడం బీపీని పెంచుతుంది, తగ్గించుకుంటే దిగుతుంది. చుట్టా సిగరెట్టూ మానితే బీపీ అంకె పెద్దగా మారకపోవచ్చు గానీ గుండెకీ మెదడుకీ జరిగే మేలు ఎక్కువ.

మాత్రల్లో మన దగ్గర ఎక్కువ నడిచేవి మూడు: ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్తాలిడోన్. 2017లో మొదలైన దేశవ్యాప్త బీపీ కార్యక్రమం కూడా ప్రధానంగా వీటి మీదే నడుస్తోంది. ఆమ్లోడిపిన్ చవక, జనరిక్ అయితే మరీను. మందు ఒంట్లో చాలాసేపు ఉంటుంది కాబట్టి ఒక పూట మర్చిపోయినా బీపీ ఎగిరి కూర్చోదు, అందుకే మతిమరుపు మనుషులకి అదే మంచిదని నా అభిప్రాయం. దాని తంటా పాదాల వాపు. ఇక్కడే మన డెల్టా భయం ఒకటి కలుస్తుంది. బోదకాలు చూసి పెరిగిన ఊళ్లు కదా, పాదం కాస్త ఉబ్బగానే "ఈ బిళ్లతో బోదకాలు వచ్చేసిందండీ" అని ఆపేస్తారు. ఆమ్లోడిపిన్ వాపు మామూలుగా రెండు కాళ్లకీ వస్తుంది, సాయంత్రానికి పెరిగి తెల్లారేసరికి తగ్గుతుంది, డోసు తగ్గిస్తే వాపూ తగ్గుతుంది. దానికి దోమకి, పురుగుకి సంబంధం లేదు. డాక్టరు గారికి చెబితే టెల్మిసార్టాన్‌కి మారుస్తారు, లేదా రెండూ కలిపి తక్కువ డోసులో రాస్తారు. ఒక్క కాలే వాచి, నొప్పి ఉంటే మాత్రం వేరే కథ, ఆ రోజే చూపించుకోవాలి.

టెల్మిసార్టాన్‌కి వాపు గొడవ లేదు, షుగర్ ఉండి కిడ్నీ మీద ప్రభావం మొదలైనవాళ్లకి ఈ రకం ముందుగా రాస్తారు. గర్భిణులు వేసుకోకూడదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం అప్పుడప్పుడూ చూపించుకోవాలి. కోనసీమలో ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, మామూలు మనిషికి అది మంచిదే, కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఈ మాత్ర వాడుతూ రోజుకి రెండు బోండాలు తాగితే ప్రమాదం. క్లోర్తాలిడోన్ మూత్రం బిళ్ల, మే నెల ఉక్కలో నీళ్లు తక్కువ తాగితే కళ్లు తిరుగుతాయి.

నా అనుభవంలో సైడ్ ఎఫెక్టుల కంటే ఎక్కువ చేటు ఆపేయడం వల్లే జరుగుతోంది. "నార్మల్‌కొచ్చింది కదా, ఆపేశా." "తలనొప్పి వచ్చినప్పుడు వేసుకుంటున్నా." నార్మల్‌కి వచ్చింది బిళ్ల వేసుకుంటున్నందుకే, ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. బీపీ పెరిగినట్టు చాలామందికి ఏమీ తెలియదు కూడా. అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు హఠాత్తుగా ఆపితే గుండెకే ముప్పు. ఐదు బిళ్లలు చాలంటారు, కత్తెరతో స్ట్రిప్పు కోసి ఇస్తాం, ఆ ముక్క మీద పేరూ ఉండదు, తేదీ ఉండదు, ఐదో రోజు అయిపోతే పదో రోజుకి గాని గుర్తు రాదు. నెలకి సరిపడా తీసుకోండి, ఊళ్లోకి వచ్చే 104 బండిలో ఇచ్చేవైనా సరే. ఇదంతా ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో చావులకి కారణాలు ఆరా తీస్తే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే, అందులో గుండెపోటూ పక్షవాతమూ ఇంచుమించు సమానం.

ఇంకోటి, మోకాళ్ల నొప్పికని అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచుతాయి, బీపీ మాత్ర పనిని చెడగొడతాయి. మాత్ర పనిచేయట్లేదని డోసు పెంచే ముందు ఈ మాట డాక్టరు చెవిన వేయండి. గ్యాస్‌కి నీళ్లలో పొంగించి తాగే పొడిలో కూడా సోడియమే.

వెల్లుల్లి, మునగాకు తినండి, కూరగా. వాటిని నమ్ముకుని మాత్ర మానొద్దు. సర్పగంధ వేరులో నిజంగానే బీపీ తగ్గించే గుణం ఉంది, బొంబాయిలో గుండె డాక్టరు రుస్తుం వకీల్ 1949లో దాని మీద రాసిన వ్యాసంతో ప్రపంచానికి తెలిసింది, కానీ పొడి కట్టిన పొట్లంలో ఎంత మోతాదు ఉందో ఎవరికెరుక, దిగులు పట్టిస్తుందన్న పేరు కూడా ఉంది. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మాత్రం పరిశీలించదగ్గదే. చైనాలో 600 పల్లెల్లో వాడి చూస్తే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్ వాడుతున్నా డాక్టర్ని అడక్కుండా కొనొద్దు.

అందుకని నా మాట ఇది. పైది 140 నుంచి 159 మధ్య ఉండి, షుగరూ గుండె జబ్బూ కిడ్నీ జబ్బూ లేకపోతే, డాక్టరు సరేనంటే మూడు నెలలు ఉప్పు, నడక, బరువు మీదే పడండి, ఇంట్లో అంకెలు రాసుకుంటూ. గడువు దాటాక కూడా దిగకపోతే ఇంకో మూడు నెలలు అని బేరాలు వద్దు. 160 దాటినా, ఆ జబ్బుల్లో ఏదైనా ఉన్నా బిళ్ల ఇవాళే, ఉప్పు దానికి తోడు. 180/110 దాటితే ఆ రోజే డాక్టరు దగ్గరికి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, గుండెలో నొప్పొచ్చినా అంకెతో పనిలేదు, 108కి ఫోన్ చేయండి. ఇక "చచ్చేదాకా" అన్నదానికి, పది కిలోలు తగ్గి నెలల తరబడి 115, 120 దగ్గర ఉంటున్నవాళ్లకి డాక్టర్లే డోసు సగం చేస్తారు. ఇంట్లో రాసుకున్న అంకెలు తీసుకెళ్లి అడగండి.