ట్రాక్ కుర్చీతో నాలుగేళ్లు: మా సార్జెంట్ మళ్లీ నీటి ఒడ్డుకు వచ్చారు

నేను ఫిజియోథెరపిస్టుని. ఉండేది టెక్సాస్‌లో, డెంటన్ దగ్గర. యుద్ధంలో గాయపడి వచ్చిన మాజీ సైనికుల్ని చేపల వేటకీ, నవంబరులో జింకల వేటకీ తీసుకెళ్లే ఒక చిన్న బృందంతో కలిసి తిరుగుతున్నాను. మా దగ్గరున్న ట్రాక్ కుర్చీని ట్రైలర్ నుంచి దింపడం, కడగడం, చార్జింగ్ పెట్టడం ఈ నాలుగేళ్లూ నా పనే. అందుకే మంచీ చెడూ రెండూ చెబుతాను.

ఈ కుర్చీకి చక్రాలు ఉండవు. ట్యాంకుకు ఉన్నట్టు రెండు రబ్బరు పట్టాలుంటాయి. జాయ్‌స్టిక్‌తో నడుస్తుంది. మామూలు వీల్‌చెయిర్ అయితే ఇసుకలోకి దిగగానే ముందు చక్రాలు కూరుకుపోతాయి.

మా సార్జెంట్‌కి ఇరాక్‌లో రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా పోయాయి. ఎడమచేతికి పట్టు లేదు. కుర్చీ రాకముందు రే రాబర్ట్స్ సరస్సు ఒడ్డుకి ఆయన్ని నలుగురు మోసుకెళ్లేవాళ్లు. నలుగురు మోయడం అంటే మన దగ్గర ఏమిటో మీకు తెలుసు. నాకు చూడబుద్ధయ్యేది కాదు. ఎక్కడ దింపితే అక్కడే కూర్చుని గాలం వేసేవారు. పొద్దంతా పెద్దగా మాట్లాడేవారు కాదు.

కుర్చీ వచ్చిన మొదటి శనివారం తానే నడుపుకుంటూ నీటి అంచుదాకా వెళ్లి ఆగారు. కాస్త వెనక్కి తీసి ఎడమకి తిప్పారు. ఒక చెట్టు నీళ్లలోకి ఒరిగి పడి ఉన్న చోటికి పోయి, "చేపలు ఇక్కడుంటాయి" అన్నారు. తన చోటు తానే ఎంచుకోగలగడం కోసమైనా ఈ కుర్చీకి పెట్టిన డబ్బు వృథా కాదని నా నమ్మకం.

గాలం సంగతికొస్తే, కర్రను పట్టుకునే హోల్డర్‌ని కుడివైపు చేతిపట్టీకి బిగించాం. బటన్ నొక్కితే దారం చుట్టుకునే ఎలక్ట్రిక్ రీలు పెట్టాం. ముడి వేయడం ఒంటిచేత్తో కాదు కాబట్టి కొక్కేలకు ముందే దారం కట్టి పెడతాను. ఆయన పళ్లతో ఒక కొస పట్టుకుని క్లిప్‌కి తగిలించుకుంటారు. నేను చేయి సాయం పెట్టబోతే ఊరుకోరు. బెండు మునిగినప్పుడు ఆయన భుజం ముందు కదులుతుంది, బటన్ తర్వాత నొక్కుతారు.

ఇక లోపాలు. బరువు దాదాపు 400 పౌండ్లు. ట్రైలర్, ర్యాంపు లేకుండా కదలదు. తడిసిన ర్యాంపు మీద జారుతుంది కాబట్టి పక్కన ఒకరు ఉండాల్సిందే. వేటకు వెళ్లే రాంచ్‌లోది నల్లమట్టి, అచ్చం మన నల్లరేగడే. వాన పడితే పట్టాల మధ్య గట్టిగా పేరుకుపోతుంది. ఒకసారి పట్టా ఊడిపోయి చీకటి పడేదాకా పొలంలోనే ఉండిపోయాం. చలి రోజుల్లో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. కొత్త బ్యాటరీలకి అమ్మినవాళ్లు ఆరు వారాలు తిప్పించారు. సీజన్ మధ్యలో అది చాలా బాధనిపించింది.

నా వృత్తి కాబట్టి ఇది నొక్కి చెప్పాలి. సీటు వెనక్కి వాలే మోడలే తీసుకోండి. స్పర్శ లేనివాళ్లు 15 నుంచి 30 నిమిషాలకోసారి బరువు మార్చుకోకపోతే పుండ్లు పడతాయి. చేప పడే హడావిడిలో ఎవరికీ గుర్తుండదు, ఫోన్‌లో అలారం పెట్టండి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి చెమట సరిగా పట్టదు. టెక్సాస్ ఎండలో వాళ్లకి గొడుగు, తడి తువ్వాలు, నీళ్ల స్ప్రే తప్పనిసరి.

లైసెన్సుకి ఖర్చు లేదు. సైన్యంలో వచ్చిన వైకల్యం 50 శాతం, ఆపైన ఉన్నవాళ్లకి టెక్సాస్ ప్రభుత్వం వేటకీ చేపలకీ కలిపి సూపర్ కాంబో అనే లైసెన్సు ఉచితంగా ఇస్తుంది. ఫ్లై ఫిషింగ్ (పురుగులా కనిపించే తేలికపాటి ఎరతో చేసే చేపల వేట) మీద ఇష్టం ఉన్నవాళ్లకి ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్ అనే సంస్థ ఉంది. నేవీలో కెప్టెన్‌గా రిటైరైన ఎడ్ నికల్సన్ 2005లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో దాన్ని మొదలుపెట్టారు.

ఇంటికొకటి కొనమని చెప్పను, అంత ధర పెట్టడం అందరివల్లా కాదు. ఒక బృందం కలిసి కొని, చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకుంటే మాత్రం తప్పకుండా కొనండి.

ఫిబ్రవరి వస్తే శాండ్ బాస్ చేపలు ఏటికి ఎదురెక్కుతాయి. కొత్త బ్యాటరీలు వేసి ఉంచాను. సార్జెంట్ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు.