కెరాక్, షోబక్, అజ్లూన్: జోర్డాన్‌లో క్రూసేడ్ కోటల దారిలో

జోర్డాన్ వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది పెట్రా, మృత సముద్రం, వాదీ రమ్ చూసుకుని వచ్చేస్తారు. హోలీ ల్యాండ్ టూర్లలో వెళ్ళేవాళ్ళయితే అమ్మాన్‌లో దిగి, నెబో కొండ మీద ప్రార్థన చేసుకుని, జోర్డాన్ నది వంతెన దాటి జెరూసలేం వైపు వెళ్ళిపోతారు. మధ్యలో ఉన్న క్రూసేడ్ కోటల దగ్గర ఆగే బస్సులు తక్కువ. మా బావ కువైట్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాడు, అరబ్బీ బాగానే మాట్లాడతాడు. "పెట్రా అందరూ చూస్తారు, ఈసారి కోటల కోసమే వెళ్దాం రా" అన్నాడు. అలా ఈ ప్లాన్ కుదిరింది.

ముందు కాస్త నేపథ్యం. జెరూసలేంని ముస్లింల చేతిలోంచి తీసుకోవాలని 1095లో పోప్ రెండో అర్బన్ పిలుపునిచ్చాడు, 1099 జులైలో యూరప్ సైన్యాలు దాన్ని పట్టుకున్నాయి. ఆ యుద్ధాలనే క్రూసేడ్లనీ, వాటికి వచ్చిన యూరప్ వాళ్ళని క్రూసేడర్లనీ అంటారు. పుస్తకాల్లో ఇదంతా దేవుడి పేరు మీద జరిగిన యుద్ధంగానే కనిపిస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ డమాస్కస్ నుంచి దక్షిణంగా ఎర్ర సముద్రం వైపు పోయే పాత రాజమార్గం మీద ప్రయాణిస్తే అది చాలావరకు టోల్ గేటు తగాదాలా కనిపించింది నాకు. సిరియాకీ ఈజిప్టుకీ మధ్య వర్తకుల బిడారులూ, మక్కా వెళ్ళే యాత్రికులూ ఈ వైపు నుంచే పోవాలి. క్రూసేడర్లు సరిగ్గా ఆ దారి మీదే కోటలు కట్టి కూర్చున్నారు. ముస్లిం సుల్తాన్ సలాహుద్దీన్ (సలాదిన్) చేతిలోకి ఈజిప్టు, డమాస్కస్ రెండూ వచ్చాక ఈ కోటలు ఆయన రాజ్యం మధ్యలో ముల్లులా మిగిలాయి.

బసకి మేం మదబా ఊరిని ఎంచుకున్నాం. అమ్మాన్ కంటే ఇదే నయం. ఎయిర్‌పోర్టుకి దగ్గర, ట్రాఫిక్ టెన్షన్ లేదు, కుటుంబాలు నడుపుకునే చిన్న హోటళ్ళు శుభ్రంగా ఉన్నాయి. కారు మాట్లాడిపెట్టే పని కూడా హోటల్ వాళ్ళే చూసుకున్నారు. ఆరో శతాబ్దపు మొజాయిక్ మ్యాప్ ఉన్న చర్చి నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. చిన్న చిన్న రంగు రాళ్ళతో నేల మీద పేర్చిన జెరూసలేం పటం చూస్తే, తర్వాత ఆరు వందల ఏళ్ళకి ఎందుకంత కొట్టుకున్నారో కాస్త అర్థమవుతుంది.

మదబా నుంచి కెరాక్ దాకా దారి బాగుంటుంది కానీ కడుపు గట్టిగా ఉండాలి. వాదీ ముజిబ్ లోయలోకి మెలికలు తిరుగుతూ దిగి మళ్ళీ అంతా ఎక్కాలి. ఈ దారి పొడవునా నేరుగా పోయే బస్సు లేదు. అమ్మాన్ నుంచి కెరాక్‌కి మినీ బస్సులున్నా అవి హైవే మీదుగా పోతాయి. కాబట్టి కారు తప్పదు. రోజుకింత అని ముందే మాట్లాడుకుని, ఎక్కడెక్కడ ఆగాలో కూడా అప్పుడే చెప్పేయడం మంచిది.

కెరాక్ కోట పని 1142లో మొదలైంది. బయటి నుంచి చూస్తే కొండకే గోడలు మొలిచినట్టుంటుంది. లోపల అసలు విషయం నేల కింద ఉంది: పొడవాటి కమాను గదులు, ఒకదాని వెనక ఒకటి. పైన అక్కడక్కడా ఉన్న కన్నాల్లోంచి వెలుగు పడుతుంది, మిగతాదంతా చీకటే. ఫోన్ టార్చ్ చాలదు, చేతి టార్చ్ ఒకటి తీసుకెళ్ళండి. గోడల్ని కాసేపు దగ్గరగా చూస్తే ఎవరు కట్టిందేదో మీకే తెలిసిపోతుంది. క్రూసేడర్ల రాయి నల్లగా, గరుకుగా, హడావుడిగా చెక్కినట్టు ఉంటుంది. తర్వాత ఈజిప్టు నుంచి ఏలిన మమ్లూక్ సుల్తాన్ల కాలపు సున్నపురాయి నున్నగా, అంచులు కలిసేలా ఉంటుంది. మాకు ఇది చూపించింది గేటు దగ్గర మాట్లాడుకున్న గైడు పెద్దాయన. బోర్డుల మీద రాసింది తక్కువ కాబట్టి ఇక్కడ గైడుకి ఇచ్చే డబ్బు దండగ కాదు.

ఆయన చెప్పిన వాటిలో పెళ్ళి కథ ఒక్కటి చాలు కెరాక్ రావడానికి. 1183 నవంబరులో ఈ కోటలో పెళ్ళి. పెళ్ళికూతురు ఇసబెల్లా, జెరూసలేం రాజు నాలుగో బాల్డ్విన్‌కి చెల్లెలి వరస, పదకొండేళ్ళ పిల్ల. పెళ్ళికొడుకు హంఫ్రీ. విందు జరుగుతుండగానే సలాహుద్దీన్ సైన్యం వచ్చి ముట్టడించింది. పెళ్ళికొడుకు తల్లి విందు వంటకాలు కొన్ని సలాహుద్దీన్‌కి పంపిందనీ, ఆయన కొత్త జంట ఏ బురుజులో ఉందో అడిగి దాని మీద రాళ్ళు వేయొద్దని చెప్పాడనీ అప్పటి ఒక చరిత్రకారుడు రాశాడు. మిగతా కోట మీద మాత్రం రాళ్ళు పడుతూనే ఉన్నాయట! కుష్ఠు వ్యాధితో చూపు కూడా పోయిన బాల్డ్విన్‌ని డోలీలో మోసుకుంటూ జెరూసలేం సైన్యం వచ్చేదాకా ముట్టడి సాగింది.

ఆ పెళ్ళికొడుకు సవతి తండ్రే రేనాల్డ్. ఈ కోట దొర. ఈయన గురించి చెబుతున్నప్పుడు గైడు గొంతే మారిపోయింది. ఓడల్ని విడి భాగాలుగా ఒంటెల మీద అకాబా వైపు మోయించి, ఎర్ర సముద్రంలో రేవుల్ని దోపిడీ చేయించిన మనిషి. సంధి అమల్లో ఉండగానే కెరాక్ పక్కగా పోయే బిడారుని కొట్టాడు. దాంతో సలాహుద్దీన్ యుద్ధానికి దిగాడు. 1187 జులై 4న హిత్తీన్ దగ్గర క్రూసేడర్ల సైన్యం నీళ్ళు దొరక్క చితికిపోయింది. పట్టుబడ్డ అప్పటి జెరూసలేం రాజు గీకి చల్లటి పానీయం ఇప్పించి, రేనాల్డ్‌ని మాత్రం సలాహుద్దీన్ స్వయంగా నరికాడు. అదే ఏడాది అక్టోబరులో జెరూసలేం క్రూసేడర్ల చేజారింది. కెరాక్ మాత్రం 1188 చివరి దాకా లొంగలేదు.

కెరాక్‌లో రాత్రి ఉండడం గురించి నిజం చెప్పాలి. హోటళ్ళు తక్కువ, ఉన్నవీ అంతంత మాత్రం. కోటకి దగ్గరని తీసుకున్న దాంట్లో మాకు వేడినీళ్ళు రాలేదు. అడిగితే రిసెప్షన్ అబ్బాయి "పది నిమిషాలు" అన్నాడు, తెల్లారినా ఆ పది నిమిషాలు అవలేదు. ఊరు ఎత్తు మీద ఉంది, చలి గట్టిగానే ఉంటుంది. తిండికి మాత్రం లోటు లేదు. ఇక్కడి జమీద్, అంటే ఎండబెట్టిన పెరుగు గడ్డ, దేశమంతా పేరు మోసింది. దానితో వండే మాంసం వంటకం మన్సఫ్‌ని మాంసాహారులు వదలకూడదు. శాకాహారులు హమ్మస్, ఫలాఫెల్‌తో పాటు గలాయెత్ బందోరా అడగండి. టమాటా, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూనెలో మగ్గబెట్టి ఇస్తారు, రొట్టెతో తింటే ఇంటి కూర గుర్తొస్తుంది. ఊళ్ళో పాత క్రైస్తవ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. సెంటర్లో గుర్రం మీద సలాహుద్దీన్ విగ్రహం ఉంది. ఆ పక్క వీధిలోని దుకాణంలో కాఫీ తాగుతుంటే చర్చి గంట వినిపించింది.

షోబక్ ఇంకా దక్షిణాన, పెట్రా దారిలో. 1115లో మొదటి బాల్డ్విన్ కట్టించాడు, అప్పటి పేరు మాంట్రియల్. నాకు మూడింట్లో ఎక్కువ నచ్చింది ఇదే. బోడి కొండ మీద కోట ఒక్కటే, చుట్టూ ఏమీ ఉండదు, మేం వెళ్ళినప్పుడు జనం కూడా లేరు. కొండ లోపలికి నీటి ఊట దాకా తొలిచిన సొరంగం మెట్లు మూడొందల పైనే ఉంటాయి. అరిగిపోయి, జారుతూ, కటిక చీకటిగా ఉంటాయి. బావ సగం దిగి "నువ్వెళ్ళు, నేను పైనుంచి వస్తా" అని వెనక్కి తిరిగాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు ఇది వదిలేయండి. ముట్టడిలో ఉప్పు దొరక్క కోటలోవాళ్ళకి చూపు పోయిందని చెప్పుకుంటారు. 1189లో లొంగిపోయారు. బసకి దగ్గర్లోని దానా పల్లె బాగుంటుంది, లోయ అంచున రాతి ఇళ్ళలో గదులిస్తారు. పెట్రాలో ఉంటే ధరలు ఎక్కువ కానీ రెస్టారెంట్లకు కొదవ లేదు.

అజ్లూన్ ఉత్తరాన, రోమన్ శిథిలాలున్న జెరాష్ ఊరి పక్కన. ఇది క్రూసేడర్లది కాదు, వాళ్ళకి జవాబుగా 1184–85లో సలాహుద్దీన్ సేనాని ఇజ్జుద్దీన్ ఉసామా కట్టించినది. కప్పు మీదికెక్కితే జోర్డాన్ లోయ కనిపిస్తుంది. శత్రువు ఎటు కదిలినా ఇక్కడి నుంచి తెలిసిపోయేది. గదుల్లో విసిరే రాతి గుండ్లు కుప్పగా పెట్టారు. చూడ్డానికి తేలిక, బోర్డులు బాగున్నాయి, చుట్టూ ఓక్ అడవి, రోప్‌వే కూడా ఉంది. సెలవురోజున మాత్రం స్థానిక కుటుంబాలతో కిటకిటలాడుతుంది. ఇక్కడ రాత్రి ఉండనక్కర్లేదు, జెరాష్‌తో కలిపి ఒక్క రోజులో అయిపోతుంది.

జోర్డాన్ పాస్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. 70 దీనార్ల నుంచి ఉంటుంది, మూడు రాత్రులు ఉంటే వీసా ఫీజు మినహాయింపు వస్తుంది, ఈ మూడు కోటలూ పెట్రా కూడా అందులోనే. హోలీ ల్యాండ్ గ్రూపులో వెళ్ళేవాళ్ళకి కోటలన్నీ కుదరవు కానీ, పెట్రా కూడా ఉన్న ప్యాకేజీ అయితే కెరాక్‌లో ఓ పూట ఆపమని బయల్దేరకముందే ఆపరేటర్‌ని అడగండి. అక్కడికెళ్ళాక అడిగితే డ్రైవర్ టైమ్ లేదంటాడు.