జవాబు చెప్పడమా, ముందు వినడమా: ఏది మేలు?

భీమిలి నుంచి బస్సెక్కి విశాఖ వచ్చిన తల్లి, మాటలు రాని మూడేళ్ల బాబుని ఒళ్లో పెట్టుకుని తరచూ ముందు అడిగేది ఇదే: "ఫోన్ చూపించడం వల్లేనా మేడమ్?"

స్పీచ్ థెరపిస్టుకి రెండు దారులు. ఒకటి, వెంటనే జవాబు: ఫోన్ వల్ల చెవుడు రాదు, కానీ అది చేతిలో ఉన్నంతసేపూ పిల్లాడితో మాటామాటా కలపడం తగ్గుతుంది, ముందు వినికిడి పరీక్ష చేయిద్దాం. ఆవిడ తలూపుతుంది. మళ్లీ వారం వచ్చేసరికి ఇంటి దగ్గర ఏమీ చేసుండదు.

రెండోది, "మీకలా ఎందుకనిపిస్తోందమ్మా?" అని అడిగి నోరు మూసుకోవడం. మాటలు నేర్పేవాళ్లకి ఇదే కష్టం! అర నిమిషం ఆగితే అసలుది బయటికొస్తుంది: "నేను డ్యూటీకెళ్లి వాణ్ని వదిలేశానని మా అత్తగారంటున్నారండి." అడిగింది ఫోన్ గురించి కాదు, తప్పు తనదేనా అని. తల్లిదండ్రుల ప్రశ్నల్లో కొన్ని సమాచారం కోసం, కొన్ని ముందే అనుకున్నదానికి ఊ కొట్టించుకోవడానికి, కొన్ని బాధ దాచుకోవడానికి అంటాడు అమెరికన్ ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) డేవిడ్ లూటర్‌మన్.

మాట ఆలస్యమైనా, నత్తి అయినా నా ఓటు వినడానికే. చిన్నపిల్లల నత్తికి వాడే లిడ్‌కోంబ్ పద్ధతిలో రోజూ ఇంట్లో సాధన చేయించేది తల్లో తండ్రో. వాళ్ల మనసు కుదుటపడకుండా అది సాగదు.

పుట్టుచెవుడు దగ్గర మాత్రం ఇది తిరగబడుతుంది. నెలలోపు స్క్రీనింగ్, 3 నెలలకు నిర్ధారణ, 6 నెలలకు చికిత్స మొదలవ్వాలన్నది లెక్క. అందుకే శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందో లేదో చూసే బెరా పరీక్షకి ఏ రోజు, ఎక్కడికెళ్లాలో కాగితం మీద రాసి చేతిలో పెట్టాకే కన్నీళ్ల సంగతి. ఆ గాభరాలో నోటితో చెప్పింది సగం కూడా గుర్తుండదు.

పాడేరు వైపు నుంచి వచ్చిన తండ్రి "ఇంట్లో మా ఒడియా మానేసి తెలుగే మాట్లాడాలా సార్?" అని మా సహోద్యోగిని అడిగితే అక్కడా చుట్టుతిప్పుడు అనవసరం. అక్కర్లేదు, రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు, మీ భాషలోనే మాట్లాడండి అని చెప్పేయాలి. ఆయన బస్సు ఆయనకి దొరకాలి.

నాన్నమ్మ వెంట వస్తే రెండూ పనిచేయవు. "వస నాకించాం, అదే వస్తుంది. వాళ్ల నాన్నకీ ఆలస్యమే" అంటుందావిడ. నేను వాదించను, ఆవిడకో పని అప్పజెప్తాను. గోరుముద్దలు పెడుతూ కాకి కబుర్లు చెప్పమంటాను. ముద్దకీ ముద్దకీ మధ్య కాస్త ఆగి, వాడేమంటాడోనని మొహంలోకి చూడమంటాను.